కుళాయి నీటిలో లోపం ఎక్కడ పుడుతోంది? లక్షణం, కారణం, పరిష్కారం

నీళ్ళు రంగు మారాయనో, వాసన వేస్తున్నాయనో అనిపించగానే చాలా ఇళ్ళలో మొదట జరిగేది కొత్త శుద్ధి యంత్రం కొనడం. నా ఉద్దేశంలో అది చివర చేయవలసిన పని. నీరు నాలుగు చోట్ల చెడవచ్చు: బోరులో లేదా బావిలో, వీధి గొట్టంలో, సంపులో లేదా మేడమీది ట్యాంకులో, ఇంటి లోపలి గొట్టాలలో. లోపం ఎక్కడుందో తేలితే సగం సందర్భాలలో ట్యాంకు కడగడంతోనో, కుళాయి వాషరు మార్చడంతోనో సరిపోతుంది.

అందుకు మూడు రంగులేని గాజు సీసాలు చాలు. తెల్లవారి ఎవరూ కుళాయి తిప్పకముందు వంటింటి కుళాయి నుంచి ఒక సీసా, ట్యాంకు నుంచి నేరుగా ఒకటి, మోటారు వేసి బోరు గొట్టం నుంచి ఒకటి పట్టి, దేనిమీద దాని పేరు రాయాలి. వెనుక తెల్ల కాగితం పెట్టి వెంటనే ఒకసారి, గంట తరువాత ఒకసారి, మరునాటి ఉదయం ఒకసారి చూడాలి. మూడు సీసాలూ ఒకేలా ఉంటే లోపం మూలంలోనే ఉంది. బోరు నీరు తేటగా ఉండి ట్యాంకు నీరు మురికిగా ఉంటే ట్యాంకును, ఆ రెండూ బాగుండి కుళాయి నీరు మాత్రమే చెడితే గొట్టాలను చూడాలి.

పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, గిన్నెలకు తెల్ల గార

ఇది కఠిన జలం. నేలలోని సున్నపు రాళ్ళ నుంచి కాల్షియం, మెగ్నీషియం లవణాలు నీటిలో కరిగి వస్తాయి. కందిపప్పును, శనగలను మెత్తబడనీయకుండా అడ్డుకునేవీ, సబ్బుతో కలిసి తెల్లటి తెట్టుగా విరిగేవీ అవే. భారత ప్రమాణాల సంస్థ తాగునీటి ప్రమాణం (ఐఎస్ 10500) ప్రకారం మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే ఆధారం లేనప్పుడు 600 వరకు అనుమతిస్తారు. మా ఇంట్లో గీజరు నీరు వేడెక్కడం ఆలస్యమవుతోందని విప్పించినప్పుడు, లోపలి కడ్డీ చుట్టూ గుడ్డు పెంకులాంటి పొర వేలి మందాన పేరుకొని ఉంది. ఆ పొరను దాటి వేడి నీటికి చేరాలి కనుక కరెంటు ఎక్కువ ఖర్చవుతుంది, కడ్డీ త్వరగా మాడిపోతుంది.

పట్టిన గారను నిమ్మరసంలోనో, వెనిగరులోనో, చిక్కటి చింతపండు పులుసులోనో రాత్రంతా నానబెట్టి ఉదయం రుద్దితే వదులుతుంది. షవరు జల్లెడకూ ఇదే చిట్కా పనిచేస్తుంది. వంటకు కావలసిన నీటిని మరిగించి, చల్లార్చి, అడుగు కదలకుండా తేటను వంచుకుంటే బైకార్బొనేట్ల వల్ల వచ్చిన కాఠిన్యం తగ్గుతుంది. సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల వచ్చినది మాత్రం పోదు. ఇల్లంతటికీ పరిష్కారం కావాలంటే ఉప్పుతో శుభ్రపడే రెసిన్ సాఫ్టెనరు పెట్టించుకోవచ్చు. అది కాల్షియంను తీసి ఆ స్థానంలో సోడియంను వదులుతుంది కాబట్టి స్నానాలకు, బట్టలకు మంచిదే. రక్తపోటు ఉన్నవారు తాగే నీటికి, మొక్కలకు పనికిరాదు. అందుకే సాఫ్టెనరు పెట్టించేటప్పుడే వంటింటికి విడిగా ఒక గొట్టం వేయించుకోవడం మేలు.

నీరు ఉప్పగా ఉంది

దీనికి సాఫ్టెనరు ఏమాత్రం ఉపయోగపడదని ముందే చెప్పాలి, ఎందుకంటే ఈ పొరపాటుతో డబ్బు పోగొట్టుకున్నవారు ఉన్నారు. కరిగిన ఉప్పును ఇంట్లో తీయగలిగేది ఆర్ఓ యంత్రమే. సముద్ర తీరంలోనూ డెల్టాలోనూ మంచినీరు తేలికగా ఉండి ఉప్పునీటి పైన తేలుతుంది. అక్కడ నీరు ఉప్పబడిందని బోరును మరింత లోతుకు దించితే చాలాచోట్ల ఉప్పు ఇంకా పెరుగుతుంది. తక్కువ లోతు నుంచి, చిన్న మోటారుతో, మధ్యమధ్య ఆపుతూ తోడుకోవడం, వాననీటిని ఇంకుడు గుంతలోకి మళ్ళించడం సరైన దారి.

తేటగా వచ్చిన నీరు కాసేపటికి ఎర్రబడుతుంది

బిందెలో పట్టినప్పుడు అద్దంలా ఉన్న నీటిమీద గంట గడిచేసరికి రంగురంగుల సన్నని పొర తేలి, మరునాటికి అడుగున తుప్పు రంగు మడ్డి దిగితే అది భూగర్భంలోని ఇనుము. గాలి సోకనంతవరకు కరిగి కనబడకుండా ఉండి, గాలి తగలగానే తుప్పుగా మారుతుంది. లీటరుకు 0.3 మిల్లీగ్రాములు దాటితేనే బట్టలకు, గచ్చుకు మరకలు పడతాయి. నీటిని జల్లులా పడేటట్టు చేసి గాలి తగలనిచ్చి, కొన్ని గంటలు తేరనిచ్చి, ఇసుక వడపోత గుండా పంపితే చాలావరకు పోతుంది. మొదటి చుక్క నుంచే ఎర్రగా వచ్చి, రెండు నిమిషాలు వదిలాక తేటపడితే మాత్రం బోరును తప్పుపట్టనక్కరలేదు. అది మీ ఇంటి పాత ఇనుప గొట్టాల తుప్పు, గొట్టాలు మార్చవలసిందే. మరకలు పోవడానికి బ్లీచింగు వాడకూడదు. క్లోరిన్ తగిలితే ఇనుప మరక మరింత గట్టిపడుతుంది.

పాలలాగా తెల్లగా, లేదా బురదగా

గాజు గ్లాసులో పట్టి చూడండి. తెలుపు అడుగునుంచి పైకి విడిపోతూ నిమిషంలో తేటపడితే అవి గాలి బుడగలు, హాని లేదు. పైనుంచి కిందికి తేటపడుతూ అడుగున మడ్డి చేరితే అది ఒండ్రు. గోదావరికి వరద వచ్చే రోజుల్లో ఒడ్డు ఊళ్ళవారు ఎర్రనీటి బిందెలో పటిక ముక్కను నాలుగైదు చుట్లు తిప్పి వదిలేవారు; అంతకుముందు చిల్లగింజను బిందె లోపలి అంచున అరగదీసేవారు. రెండు పద్ధతులూ బురదను దించుతాయి కానీ సూక్ష్మక్రిములను పూర్తిగా తొలగించవు. తేర్చిన నీటినైనా కాచే తాగాలి. బోరు నుంచి ఒండ్రు కొత్తగా రావడం మొదలైతే బోరు గోడకు దన్నుగా దించిన కేసింగు గొట్టం పగిలిందో, నీటిమట్టం పడిపోయి మోటారు అడుగును తోడుతోందో చూపించాలి.

నల్లటి నలుసులు కనిపిస్తే వేళ్ళ మధ్య నలిపి చూడండి. మసిలా అంటుకుంటే వాష్‌బేసిను కింది రబ్బరు గొట్టమో, వాషరో కుళ్ళుతోంది. నీరు పచ్చబడితే ట్యాంకులోకి వెలుతురు పోయి నాచు పెరుగుతోంది, మూత సరిచేయించాలి.

కుళ్ళిన గుడ్డు వాసన

గ్లాసుతో నీళ్ళు పట్టి వేరే గదికి వెళ్ళి వాసన చూడండి. అక్కడ వాసన లేకపోతే తప్పు నీటిది కాదు, సింకు కింది మురుగు గొట్టానిది. వేడినీటికి మాత్రమే వాసన ఉంటే గీజరుకు తుప్పు పట్టకుండా లోపల పెట్టే మెగ్నీషియం కడ్డీ నీటిలోని సల్ఫేటుతో, బాక్టీరియాతో కలిసి ఆ వాయువును పుట్టిస్తోంది. కడ్డీని అల్యూమినియం రకానికి మార్పించాలి. చన్నీటికీ ఉంటే బోరులోనే హైడ్రోజన్ సల్ఫైడు ఉన్నట్టు. ట్యాంకులోకి నీటిని జల్లుగా పడనిస్తే చాలావరకు ఎగిరిపోతుంది.

మురుగు వాసన మాత్రం వేరు. దాన్ని ఒక్క రోజు కూడా ఉపేక్షించకూడదు.

వానలు పడగానే ఇంట్లో విరేచనాలు

నీరు చూడటానికి తేటగానే ఉండవచ్చు. రోజు విడిచి రోజు వదిలే సరఫరాలో గొట్టాలు ఖాళీగా ఉన్నంతసేపూ చుట్టుపక్కల మురుగు పగుళ్ళ గుండా లోపలికి చేరుతుంది. వీధి కుళాయికి నేరుగా మోటారు బిగించి లాగితే ఆ పీల్పుకు మరింత వస్తుంది. తన ఇంటికి నీరు త్వరగా నిండాలని బిగించిన మోటారు వీధి మొత్తానికి మురుగు తాగించగలదు. వదిలిన మొదటి ఐదు నిమిషాల నీటిని తాగడానికి పట్టకండి. అనుమానం తీరేవరకు నీరు తెర్లి కనీసం ఒక నిమిషం మరగాలి.

పరీక్షకు హైడ్రోజన్ సల్ఫైడు సీసా అనే చవకైన సాధనం ఉంది. గీత వరకు నీరు నింపి వెచ్చటి చోట ఒకటి రెండు రోజులు ఉంచినప్పుడు నల్లబడితే మల కాలుష్యం ఉన్నట్టు అనుమానించాలి. కుళాయి చివర లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని ప్రమాణం.

బావికి మందు కలిపేటప్పుడు కంటి కొలత పనికిరాదు. బావి వ్యాసాన్ని మీటర్లలో కొలిచి, దాన్ని దానితోనే గుణించి, నీటి లోతుతోనూ 0.785తోనూ గుణించి, వెయ్యితో గుణిస్తే లీటర్లు వస్తాయి. 3 మీటర్ల వ్యాసం, 2 మీటర్ల నీరు ఉంటే సుమారు 14,000 లీటర్లు. వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల మంచి బ్లీచింగు పొడి చొప్పున 35 గ్రాములు కావాలి. బకెట్టులో కలిపి, సున్నం దిగాక పైతేటను మాత్రమే బావిలో పోసి, గంటసేపు ఎవరినీ తోడనివ్వకూడదు. మురుగు కలిసిన ట్యాంకునైతే కడిగి, నింపి, వెయ్యి లీటర్లకు 150 గ్రాముల పొడి కలిపి, వాసన వచ్చేవరకు ప్రతి కుళాయినీ తిప్పి కట్టేసి, రాత్రంతా ఉంచి ఉదయం పూర్తిగా వదిలేయాలి. ఆ నీరు తాగకూడదు, మొక్కలకు పోయకూడదు. శుద్ధి యంత్రానికి వెళ్ళే గొట్టాన్ని ముందే మూయాలి.

ఏ లక్షణమూ లేని నీరు

నన్ను అన్నింటికంటే కలవరపెట్టేది ఇదే. ఫ్లోరైడు నీటికి రంగు లేదు, వాసన లేదు, రుచిలో తేడా తెలియదు. ఫ్లోరైడు ఎక్కువై పళ్ళు, ఎముకలు దెబ్బతినే జబ్బు ఫ్లోరోసిస్. దేశంలో అది మొదట 1937లో నమోదైంది నేటి ప్రకాశం జిల్లా ప్రాంతంలోనే. నల్లగొండ పల్లెల్లో నడుములు వంగిపోయిన మనుషులను చూసినవారికి దీని సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. నీటిలో కనబడని లక్షణం పిల్లల పళ్ళలో కనబడుతుంది: మొదట సుద్దలాంటి తెల్లటి మచ్చలు, తరువాత గోధుమ రంగు చారలు. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, 1.5 దాటకూడదు. కాచితే ఫ్లోరైడు తగ్గకపోగా నీరు ఆవిరై చిక్కబడుతుంది. నది నీటికి మారడం అన్నింటికంటే మేలు. అది కుదరనిచోట ఆర్ఓ, యాక్టివేటెడ్ అల్యూమినా వడపోత, లేదా పటికను, సున్నాన్ని లెక్క ప్రకారం కలిపి తేర్చే నల్లగొండ పద్ధతి ఉన్నాయి.

నైట్రేటు కూడా ఇలాంటిదే. ఎరువుల నుంచి, సెప్టిక్ ట్యాంకుల నుంచి బోరులోకి దిగుతుంది. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటిన నీటితో ఆరు నెలల లోపు పసిబిడ్డకు పాలపొడి కలిపితే రక్తం ప్రాణవాయువును మోయలేక బిడ్డ నీలిబడే ప్రమాదం ఉంది. దీన్ని కూడా కాచడం పోగొట్టదు.

అమ్మేవారు టీడీఎస్ మీటరు ముంచి చూపించే అంకె ఈ రెండింటి గురించి గానీ, క్రిముల గురించి గానీ ఏమీ చెప్పదు. కరిగిన మొత్తం లవణాల అంచనా మాత్రమే ఇస్తుంది. అది 500 లోపు ఉండి, ఫ్లోరైడు, నైట్రేటు లేవని తేలితే ఆర్ఓ అవసరం లేదు, అతినీలలోహిత దీపం ఉన్న వడపోత చాలు. తేల్చుకోవడానికి నీటి పరీక్షశాలకు రెండు సీసాలు ఇవ్వాలి. రసాయనాల పరీక్షకు అదే నీటితో మూడుసార్లు కడిగిన శుభ్రమైన ప్లాస్టిక్ సీసా సరిపోతుంది. క్రిముల పరీక్షకు పరీక్షశాలవారే ఇచ్చే శుద్ధి చేసిన సీసాను కడగకుండా నింపి, మూత లోపలి భాగం వేలికి తగలకుండా బిగించి, ఐసుతో చల్లగా ఉంచి అదే రోజు చేర్చాలి. సీసామీద తేదీ, వేళ, బోరు నీరా కుళాయి నీరా అన్నది రాయడం మరిచిపోకండి.