వెలిగే కత్తిలో ఎల్ఈడీలు మార్చేవాళ్లకు

షోకేసులో పెట్టుకునే వెలిగే కత్తికి కొత్త బోర్డు (లైట్లను నడిపే సర్క్యూట్), కొత్త ఎల్ఈడీ స్ట్రిప్ వేయాలనుకుంటే ముందు పిడిలోంచి బ్యాటరీ తీసి పక్కన పెట్టండి, స్విచ్ ఆఫ్ చేశాం కదా అని సోల్డరింగ్ మొదలుపెట్టొద్దు, చాలా బోర్డులకు అప్పుడు కూడా కరెంటు అందుతూనే ఉంటుంది.

అసలు సంగతి వైర్లది. డబ్ల్యూఎస్2812బి స్ట్రిప్‌లో, అంటే ఒక్కో ఎల్ఈడీ రంగు విడిగా మార్చగలిగే స్ట్రిప్‌లో, ఒక్కో ఎల్ఈడీ పూర్తి తెలుపులో 60 మిల్లీఆంపియర్ల దాకా లాగుతుంది, మీటరుకు 144 ఉన్నదైతే లెక్కకు 8 ఆంపియర్లు దాటుతుంది. నేను హన్మకొండలో దొరికిన సన్న వైరు వేస్తే పిడి దగ్గర తెల్లగా, కొసకు పోయేసరికి వోల్టేజీ తగ్గి ఎర్రగా వెలిగింది, బోర్డే పోయిందేమోనని రెండు రోజులు టెన్షన్ పడ్డాను. మందం వైరు వేసి, కొస వైపు నుంచి కూడా పవర్ ఇచ్చాక సరిపోయింది. బోర్డు నుంచి స్ట్రిప్‌కు సిగ్నల్ తీసుకెళ్లే డేటా వైరుకు 330 ఓమ్‌ల రెసిస్టర్ మరిచిపోవద్దు.

పిడిలో వేసే 18650 సెల్ (ఛార్జ్ చేసుకునే లిథియం బ్యాటరీ) ఎక్కువ ఆంపియర్లు ఇచ్చేదే కొనండి, పాత లాప్‌టాప్‌లోంచి తీసినవి అస్సలు వద్దు. ఇంకోటి, మే నెలలో మన వరంగల్ ఎండకు డాబా మీది రేకుల గదిలో ఛార్జింగ్ పెట్టకండి, 45 డిగ్రీలు దాటితే లిథియం సెల్‌ను ఛార్జ్ చేయకూడదు.