పుస్తకం కొనే ముందు కౌంటర్ దగ్గరికి వెళ్లండి

పోయిన వారం మా జిల్లా నుంచి అమెరికాకు కొత్తగా వచ్చిన కుర్రాడు అకౌంటింగ్ పుస్తకానికి 180 డాలర్లు పెట్టాడు. అదే పుస్తకం వాళ్ల కమ్యూనిటీ కాలేజీ (ఎక్కువగా రెండేళ్ల కోర్సులుండే స్థానిక కాలేజీ) గ్రంథాలయంలో, కౌంటర్ వెనక అరలో ఉంది. అడగలేదా అంటే, "ఏమనుకుంటారోనని" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. పదకొండేళ్ల కిందట నేనూ ఇలాగే పుస్తకాలన్నీ కొనేసి, బస్సు పాసుకు డబ్బు చాలక చలికాలమంతా కాలేజీకి నడిచి వెళ్లాను.

ఫీజు, ఐడీ కార్డు సంగతులు మీరే చూసుకుంటారు. ఇదొక్కటి మాత్రం వినండి. చాలా కమ్యూనిటీ కాలేజీల్లో కోర్స్ రిజర్వ్ అని ఉంటుంది. పాఠ్యపుస్తకం కాపీ ఒకటి కౌంటర్ దగ్గర విడిగా ఉంచుతారు. కార్డు చూపించి కోర్సు నంబరు చెబితే ఇస్తారు. ఎక్కువ చోట్ల రెండు గంటలే, అక్కడే కూర్చుని చదవాలి. నేను చదివిన కెమిస్ట్రీ పుస్తకం మూలలు మెత్తబడి, 7వ అధ్యాయం దగ్గర దానంతటదే తెరుచుకునేది. పరీక్షల వారంలో పోటీ ఎక్కువ, తలుపులు తీసే వేళకే వెళ్లండి. హోంవర్క్ యాక్సెస్ కోడ్ (ఆన్‌లైన్‌లో హోంవర్క్ తెరవడానికి కొనే కోడ్) మాత్రం గ్రంథాలయంలో దొరకదు. అది తప్పనిసరా, పాత ఎడిషన్ సరిపోతుందా అని ప్రొఫెసర్‌ను ముందే అడగండి. కొన్ని కోర్సులకు రైస్ విశ్వవిద్యాలయం వారి ఓపెన్‌స్టాక్స్ పుస్తకాలే పెడతారు. అవి నెట్‌లో ఉచితం.

అడగండి, అడగండి అని ఇన్నిసార్లు ఎందుకంటున్నాను? నేను చదివిన ఇంటర్ కాలేజీలో గ్రంథాలయమంటే తాళం వేసిన బీరువా. ఆ బెరుకు నాతో పాటు విమానమెక్కి వచ్చింది. గైడులో ఉన్నది ఉన్నట్టు రాస్తే అక్కడ మార్కులు పడేవి. ఇక్కడ అలాగే రాసిన నా మొదటి ఇంగ్లిష్ వ్యాసానికి సున్నా వేశారు, కాపీ అని కాగితం మీద రాసి మరీ. వేరేవాళ్ల మాట ఎక్కడ వాడినా ఎవరిదో చెప్పాలని నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ ఎవరినీ అడగలేదు. రిఫరెన్స్ డెస్క్ దగ్గర కూర్చునే లైబ్రేరియన్ ఉద్యోగమే మీ ప్రశ్నకు జవాబు వెతకడం. ఏ మాట ఎక్కడి నుంచి తీసుకున్నామో రాసే ఎం.ఎల్.ఎ. (మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్) పద్ధతిలో ఆధారాలు చూపడం మా కాలేజీ లైబ్రేరియన్ నాకు ఇరవై నిమిషాల్లో నేర్పింది. ఆ ఇరవై నిమిషాలు నెల ముందు దొరికి ఉంటే ఆ సున్నా వచ్చేది కాదు. దయచేసి వ్యాసం ఇవ్వకముందే వెళ్లండి, ఇచ్చాక కాదు.

ఇంగ్లిష్ తడబడుతుందా? పరవాలేదు, కోర్సు నంబరు కాగితం మీద రాసుకెళ్లి చూపించండి. నేనూ అదే చేశాను. మూడోసారి వెళ్లేసరికి కౌంటర్ దగ్గరి ఆవిడ నన్ను చూడగానే కెమిస్ట్రీ పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. సరే, మరీ అంత భయపడాల్సిందేమీ లేదు.

ఆ కుర్రాడు పుస్తకం సీలు విప్పలేదు కాబట్టి వాపసు తీసుకున్నారు. మీరు ఇప్పటికే కొనేసి ఉంటే సీలు విప్పకండి, రసీదు పారేయకండి. రేపు పొద్దున్నే గ్రంథాలయానికి వెళ్లండి.