కోత మిల్లు పాఠాలు – 4: పెద్ద బ్యాండ్ రంపానికి బ్లేడు ఎంచుకోవడం

గత పాఠాల్లో చక్రాల వరస, బేరింగులు, దుంగను మోసే ట్రాలీ పట్టాలు సరిచూసుకున్నాం. ఇక బ్లేడు, అంటే పై చక్రం, కింది చక్రం చుట్టూ పట్టీలా తిరిగే పళ్ళ రంపం. దుకాణంలో అడుగు పెట్టగానే "ఎన్ని అంగుళాలది కావాలి?" అంటారు. ఆ ఒక్కదానికే జవాబు చెప్పి రోల్ తెచ్చుకున్న మిల్లులో నెల తిరక్కుండానే పంటి గుంటల్లో, అంటే పంటికీ పంటికీ మధ్య ఖాళీల్లో, పగుళ్ళు కనిపిస్తాయి. బ్లేడు మందాన్ని మీ చక్రం నిర్ణయిస్తుంది. పంటిని మీరు కోసే కలప నిర్ణయిస్తుంది. ధర సంగతి ఈ రెండూ తేలాకే.

ముందు మందం

మందంగా ఉంటే బ్లేడు ఎక్కువ కాలం వస్తుందని చాలామంది నమ్మకం. చిన్న మిల్లులను ముంచుతున్నది ఇదే. బ్లేడు చక్రం చుట్టూ తిరిగిన ప్రతిసారీ వంగుతుంది, విడిచాక తిన్నగా అవుతుంది. మందం పెరిగినకొద్దీ ఆ వంపులో పైపొర మీద లాగుడు పెరుగుతుంది. లెక్క తేలికే: మందం చక్రం వ్యాసంలో సుమారు వెయ్యోవంతును దాటకూడదు.

36 అంగుళాల చక్రం అంటే 914 మిల్లీమీటర్లు, అంటే 0.9 మి.మీ. మందం. మన దగ్గర మిస్త్రీలు గేజీలోనే మాట్లాడతారు కాబట్టి ఇది గుర్తుపెట్టుకోండి: 20 గేజీ 0.89 మి.మీ., 19 గేజీ 1.07, 18 గేజీ 1.24. అంటే 36 అంగుళాల చక్రానికి 20 గేజీ, 42 అంగుళాలకు 19, 48 అంగుళాలకు 18. గేజీ సంఖ్య తగ్గితే మందం పెరుగుతుంది. కొత్తగా పని నేర్చుకునేవారు తరచూ ఇక్కడే తికమక పడతారు.

36 అంగుళాల చక్రం మీద 18 గేజీ బ్లేడు వేస్తే వంపు వల్ల వచ్చే లాగుడు 20 గేజీతో పోలిస్తే 40 శాతం ఎక్కువ. చక్రం నిమిషానికి 600 చుట్లు తిరుగుతుంటే బ్లేడు వేగం నిమిషానికి 1,723 మీటర్లు. 5.9 మీటర్ల బ్లేడులోని ప్రతి పన్నూ రెండు చక్రాల మీదా కలిపి గంటకు సుమారు 35,000 సార్లు వంగి లేస్తుంది. పగులు పుట్టేది అందుకే. ఆ పగులును పదునులో, బ్లేడు రెండు కొనలూ అతికిన జాయింటులో వెతికితే దొరకదు.

పొడవు: పళ్ళ లెక్కతో సహా

రెండు చక్రాలూ ఒకే కొలత అయితే, వ్యాసాన్ని 3.1416తో హెచ్చించి, ఇరుసుల మధ్య దూరానికి రెట్టింపు కలపాలి. పేరుకు 36 అంగుళాలన్నా, అంచు అరిగి మళ్ళీ గ్రైండింగ్ అయిన చక్రం చుట్టుకొలత తగ్గి ఉంటుంది. అందుకని యంత్రం మీది పలక చూసి లెక్క వేయకండి, చక్రం చుట్టూ టేపు వేసి కొలవండి.

పై చక్రాన్ని పూర్తిగా దించి ఒకసారి, పూర్తిగా ఎత్తి ఒకసారి ఇరుసుల దూరం రాసుకోండి. ఉదాహరణకు 1,430, 1,530 మి.మీ. అనుకుందాం. చుట్టుకొలత 2,871. అంటే ఈ యంత్రానికి పట్టే బ్లేడు 5,731 నుంచి 5,931 మి.మీ. వరకు.

ఇప్పుడు పళ్ళు. పంటికీ పంటికీ మధ్య దూరం, అదే పిచ్, 32 మి.మీ. అనుకోండి. జాయింటు దగ్గర సగం పన్ను మిగలకూడదు కాబట్టి పొడవు 32కు గుణిజంగా ఉండాలి. పళ్ళను ఒకటి ఎడమకు, ఒకటి కుడికి వంచి సెట్టింగ్ చేసే బ్లేడైతే మొత్తం పళ్ళు సరిసంఖ్యలో ఉండాలి. బేసి అయితే జాయింటు దగ్గర పక్కపక్కన రెండు పళ్ళు ఒకే వైపు వంగి ఉంటాయి, పలక మీద గీత పడుతుంది. 186 పళ్ళంటే 5,952, పట్టదు. 184 పళ్ళంటే 5,888, సరిపోతుంది. చక్రాన్ని కిందికి దించి బ్లేడు ఎక్కించడానికి, పైకి ఎత్తి బిగించడానికి రెండు వైపులా చోటు ఉంటుంది.

సాధ్యమైనంత పొడవైనదే కొనండి. బ్లేడు తెగి మళ్ళీ అతికించిన ప్రతిసారీ రెండు పళ్ళు, అంటే 64 మి.మీ., పోతాయి. 184 నుంచి మొదలుపెడితే 182, 180 వరకు రెండుసార్లు అతికించుకోవచ్చు. 178 పళ్ళకు వస్తే చక్రం ఎంత దించినా బ్లేడు ఎక్కదు.

వెడల్పు

పంటి గుంట అడుగు చక్రం అంచుకు 5 మి.మీ. బయట ఉండాలి. చక్రం అంచు 90 మి.మీ., పంటి ఎత్తు 11 మి.మీ. అయితే 4 అంగుళాల బ్లేడులో 86 మి.మీ. చక్రం మీద కూర్చుంటుంది, సరిగ్గా సరిపోతుంది. పళ్ళు చక్రం మీదికి వచ్చేస్తే సెట్టింగ్ నలిగిపోతుంది, చక్రం అంచు గీసుకుపోతుంది.

పన్ను, గుంట, కలప

ఇక్కడ తొందరపడకండి. పన్ను ఎంత పదునుగా ఉన్నా, కోసిన పొట్టును దుంగ అవతలికి మోసుకుపోయేది గుంట. గుంట నిండిపోతే పొట్టు పక్కలకు తోసుకొచ్చి బ్లేడుకూ కలపకూ మధ్య ఇరుక్కుంటుంది. బ్లేడు వేడెక్కుతుంది, మధ్యలో సాగుతుంది, పలక అలలు తిరిగి వస్తుంది. మిల్లులో వినే "బ్లేడు పాములా పోతోంది" అన్న ఫిర్యాదుకు చాలాసార్లు మూలం ఇదే.

లెక్క చూద్దాం. 32 మి.మీ. పిచ్‌తో నిమిషానికి సుమారు 53,800 పళ్ళు దుంగలోకి దిగుతాయి. ట్రాలీ నిమిషానికి 20 మీటర్లు నడిపితే ఒక్కో పన్ను 0.37 మి.మీ. కొరుకుతుంది. దుంగ లోతు 450 మి.మీ. అయితే ఒక్కో గుంటలో చేరే కలప 167 చదరపు మి.మీ. గుంట లోతు 11 మి.మీ. అయితే దాని విస్తీర్ణం సుమారు 210. అందులో 70 శాతానికి మించి నింపకూడదు, అంటే 147. చూశారుగా, ఎక్కువైపోయింది. ఇక మార్గాలు రెండే: ట్రాలీని నిమిషానికి 17 మీటర్లకు తగ్గించడం, లేదా 38 మి.మీ. పిచ్, 12 మి.మీ. లోతు ఉన్న బ్లేడు తీసుకోవడం. దానితో 19 మీటర్ల దాకా నడపవచ్చు. మోటారు లాగుతోంది కదా అని ట్రాలీని తోయడం మాత్రం సరికాదు.

మరీ మెల్లగా నడపడమూ చెడే. పన్ను కొరకకుండా రాసుకుంటుంది, పొట్టు పిండిలా మారి గుంటలో నిలవక పక్కల్లోకి జారుతుంది, పదును కూడా త్వరగా పోతుంది.

ఇక కలప. పాడేరు, అరకు కాఫీ తోటల్లో నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్, పెట్టెలకు వాడే మామిడి మెత్తనివి. వీటికి పంటి వాలు, అంటే పన్ను ముందుకు వంగి ఉండే కోణం, 25 నుంచి 30 డిగ్రీలు, వెడల్పైన పిచ్ బాగుంటాయి. సరుగుడు, నల్లమద్ది లాంటి గట్టి కలపకు వాలు 15–20 డిగ్రీలకు తగ్గించాలి, లేకపోతే పంటి మొన విరుగుతుంది. జామాయిల్ దుంగలో లోపలి బిగువు ఎక్కువ, కోస్తుండగానే విప్పారి బ్లేడును పట్టేస్తుంది. దీనికి సెట్టింగ్ కాస్త ఎక్కువగా ఉంచి, దుంగను తిప్పుతూ నాలుగు వైపులా కోయాలి.

టేకు చేతికి మెత్తగా తగిలినా అందులో సిలికా ఉంటుంది, పదును తినేస్తుంది. కొబ్బరి మాను కూడా అంతే. ఇవే రోజూ కోసే మిల్లుకు స్టెల్లైట్ మొనల బ్లేడు ఖర్చు గిట్టుతుంది. స్టెల్లైట్ కోబాల్టు, క్రోమియం కలిసిన లోహం, అరుగుదలను బాగా తట్టుకుంటుంది. మేకు తగిలితే మాత్రం మొన ఊడిపోతుంది.

అందుకే వీధి చెట్లకు స్టెల్లైట్ వాడకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకు విశాఖలో కూలిన చెట్ల లాంటివి మిల్లుకు వస్తే వాటిలో బోర్డుల మేకులు, తీగలు ఉంటాయనే అనుకోవాలి. దుంగ కొన మీద నీలి నలుపు మరక కనిపిస్తే దగ్గర్లోనే ఇనుము ఉన్నట్టు. కలపలోని వగరు పదార్థమైన టానిన్ ఇనుముతో కలిసి ఆ రంగు ఇస్తుంది. ఇలాంటి వాటికి అరిగిన పాత మామూలు బ్లేడును విడిగా ఉంచుకోండి.

దుకాణంలో చూడాల్సినవి

ముందు ఉక్కు రకం అడగండి. 15ఎన్20 అన్నా, 75నికెల్8 అన్నా సుమారు 0.75 శాతం కార్బన్, 2 శాతం నికెల్ ఉన్న ఉక్కే. ఆ నికెల్ వల్లే గుంటలో పగులు ఆలస్యంగా మొదలవుతుంది.

మైక్రోమీటర్ వెంట తీసుకెళ్ళండి. రోల్ మీద రాసిన గేజీని నమ్మకుండా నాలుగైదు చోట్ల కొలవండి. మంచి ఆకురాయితో అంచు మీద ఒకసారి రుద్దండి. ఆకురాయి కాస్త పట్టాలి. జారిపోతే బ్లేడు మరీ గట్టిది, సెట్టింగ్‌లో పళ్ళు విరుగుతాయి. మెత్తటి ఇనుములా దిగిపోతే సెట్టింగే నిలవదు. రెండు మీటర్ల ముక్క నేల మీద పరిచి వెన్ను పక్కన ఇనుప స్కేలు పెట్టి తిన్నగా ఉందో లేదో చూడండి.

వాడిన బ్లేడు చవగ్గా దొరికితే గుంటలకు కిరోసిన్ రాసి, తుడిచి, సుద్ద పూయండి. పగులు ఉంటే సుద్ద మీద తడి గీతలా బయటపడుతుంది. తుప్పు మరకను గీకి చూడండి, కింద గుంతలు పడి ఉంటే వదిలేయండి. విశాఖ సముద్రపు గాలికి నూనె రాయని బ్లేడు వారంలో ఎర్రబడుతుంది, ఆ చిన్న గుంతల నుంచే పగుళ్ళు మొదలవుతాయి. కొత్తదైనా కొన్న రోజే నూనె గుడ్డతో తుడిచి, గోడకు ఆనకుండా చెక్క మేకులకు తగిలించండి.

ఒక యంత్రానికి కనీసం నాలుగు బ్లేడులు ఉండాలి: యంత్రం మీద ఒకటి, పదును పెట్టి సిద్ధంగా ఒకటి, పదును బల్ల మీద ఒకటి, విశ్రాంతిలో ఒకటి. మూడు నాలుగు గంటలకు బ్లేడు మార్చే మిల్లులో నాలుగోది లేకపోతే సాయంత్రానికి మొద్దుబారిన దానితోనే కోస్తారు.

అభ్యాసం: చక్రాలు 42 అంగుళాలు, బ్లేడు బిగించాక ఇరుసుల దూరం సుమారు 1,700 మి.మీ., పిచ్ 38, పళ్ళకు సెట్టింగ్ ఉంటుంది. గేజీ, పళ్ళ సంఖ్య, పొడవు చెప్పండి. జవాబు: 19 గేజీ, 178 పళ్ళు, 6,764 మి.మీ. మీకు 177 వచ్చిందంటే సెట్టింగ్ సంగతి మరిచిపోయినట్టే. వచ్చే పాఠంలో ఇదే బ్లేడుకు జాయింటు వేద్దాం.