చాటికోన సంతలో కొనండి, రాయగడ బళ్ల దగ్గర తినండి

పార్వతీపురం, బొబ్బిలి వైపు వాళ్లు మజ్జిగౌరమ్మ దర్శనానికి ఎలాగూ ఒడిశాలోని రాయగడ వెళ్తుంటారు కదా, ఈసారి బుధవారం పెట్టుకోండి. ఆ రోజు బిస్సంకటక్ దగ్గర చాటికోనలో సంత, నియమగిరి కొండల మీద నుంచి డొంగ్రియా కోందు గిరిజనులు పండించినవి మోసుకుని దిగుతారు. పొద్దున్నే చేరాలి, ఎండెక్కాక మిగిలేది వాడిపోయిన సరుకే.

పది, ఇరవై నోట్లు దండిగా ఉంచుకోండి, ఫోన్‌పేని నమ్ముకోవద్దు.

చాలా వాటికి కాటా ఉండదు, కుప్పలు పోసి పెడతారు. ఒడియాలో "ఏటా కెతే?" (ఇది ఎంత?) అని అడిగితే ధర చెప్తారు, లేదా వేళ్లు చూపిస్తారు, అంతే. అనాస పండు సీజనైతే అడుగు భాగం వాసన చూడండి, తియ్యటి వాసన రాకపోతే వదిలేయండి. పసుపు కొమ్ముని విరిచి చూడాలి, లోపల ముదురు రంగుండాలి, పైపైన మెరిస్తే లాభం లేదు. బేరం సంగతికొస్తే, దుకాణాల వాళ్లతో ఎంతైనా ఆడుకోండి గానీ కొండ నుంచి తలమీద మోసుకొచ్చిన ఆడవాళ్లతో ఐదు రూపాయల కోసం వాదించడం నాకైతే నచ్చదు, అసలే దళారులు దారిలోనే ఆపి చవగ్గా లాగేస్తుంటారు. ఫొటో తీయాలంటే ముందు అడగండి, వద్దంటే ఊరుకోండి.

డొంగ్రియాలు కప్పుకునే ఎంబ్రాయిడరీ శాలువా, కపడాగండా, దానికి 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపొచ్చింది. అదే ఏడాది కొరాపుట్ కాలాజీర బియ్యానికీ వచ్చింది. ఆ బియ్యం దొరికితే నాలుగు గింజలు అరచేతిలో నలిపి చూడండి, సువాసన రావాలి.

సాయంత్రం రాయగడలో తిండి. ఇడ్లీ, దోసెలు మన దగ్గర లేవా ఏంటి, బరా-ఘుగుని తినండి: మినప్పిండి వడలు, పైన వేడి వేడి బఠాణీ కూర. అడ్డాకు దొన్నెలో ఇస్తే పుల్లలు గుచ్చిన చోటు ఓసారి చూసుకోండి, కారితే చొక్కా పోయినట్టే. గుప్‌చుప్ (మన పానీపూరీ) బండి దగ్గర మాత్రం జనం ఎక్కువున్న చోటే నిలబడండి, నీళ్లు ఎప్పటికప్పుడు మారుతుంటాయి. కారం తక్కువ కావాలంటే "ఝాల కమ్" అని మొదటి పూరీకే చెప్పేయండి. పార్సిల్ కట్టించుకోవద్దు, స్టేషన్‌కి చేరేలోపే మెత్తబడిపోతాయి.