ఎల్రేథియా కింగీ ట్రైలోబైట్‌ను రాతిలోంచి తీసి శుభ్రం చేయడం ఎలా?

అమెరికాలోని యూటా రాష్ట్రంలో, డెల్టా పట్టణానికి పడమట హౌస్ రేంజ్ కొండలున్నాయి. వాటిలో వీలర్ షేల్ అనే బూడిదరంగు పలకరాయి పొరలు కనిపిస్తాయి. సుమారు 50 కోట్ల ఏళ్ల కింద అది సముద్రపు అడుగు బురద. ట్రైలోబైట్లు ఎప్పుడో అంతరించిపోయిన, పెంకున్న సముద్రజీవులు. వాటిలో ఎల్రేథియా కింగీ అనే రకం శిలాజాలు ఆ రాతిలో పుష్కలం. రుసుము కడితే తవ్వుకోనిచ్చే క్వారీ కూడా అక్కడుంది. (కడప, కర్నూలు బండల్లో మాత్రం వెతక్కండి. అవి ట్రైలోబైట్లు పుట్టకముందువి.)

కావలసినవి: 600 గ్రాముల సుత్తి, 2–3 సెంటీమీటర్ల వెడల్పున్న పదునైన ఉలి, కళ్లకు రక్షణ అద్దాలు, చేతితొడుగులు, పాత న్యూస్‌పేపర్లు, 10 రెట్లు పెద్దగా చూపే భూతద్దం.

1. రాయిని పడుకోబెట్టి కొట్టకండి. అంచు మీద నిలబెట్టండి. పొరల మధ్య సన్నని గీత కనిపించిన చోట ఉలి ఆనించి, చిన్న చిన్న దెబ్బలతో ఆ గీత వెంటే జరుపుతూ పోండి. ఒక్కసారిగా బలంగా కొడితే పగులు పొరలకు అడ్డంగా పోతుంది, దానితోపాటు ట్రైలోబైట్ కూడా రెండవుతుంది.

2. విడిపోయాక రెండు ముఖాలూ చూడండి. ఒకదానిలో శిలాజం, రెండోదానిలో దాని అచ్చు ఉండొచ్చు. చాలావరకు 1–3 సెంటీమీటర్ల నల్లటి కోడిగుడ్డు ఆకారాలు. పెంకు అడుగున కాల్సైట్ (సున్నపురాయిలో ఉండే ఖనిజం) మందంగా పెరగడం వల్ల కొన్ని రాయిని వదిలి వాటంతటవే ఊడిపడతాయి. అందుకే పనిచేసే చోట కింద రాలిన రజను కూడా వెతకాలి.

3. ఒక్కోదాన్ని విడిగా పేపర్లో చుట్టండి. అన్నీ ఒకే సంచిలో వేస్తే ఒరుసుకుని అరుగుతాయి.

4. తలకు ఇరువైపులా ఉండే చెంప భాగాలు లేకపోతే అది మీ సుత్తి తప్పు కాకపోవచ్చు. పెరిగేటప్పుడు ట్రైలోబైట్ విడిచిన పెంకుల్లో అవి ఊడిపోయి ఉండటం మామూలే. సెంటీమీటరుకన్నా చిన్నదై, తలా తోకా ఒకేలా ఉండి, నడుమ రెండే ఖండాలుంటే అది పెరొనాప్సిస్ అనే వేరే రకం. ఎల్రేథియాకు సాధారణంగా 13 ఖండాలుంటాయి.

5. శుభ్రం చేసేటప్పుడు మెత్తటి పొడి బ్రష్‌తో మొదలెట్టండి. నీళ్లు వాడాలనుకుంటే ముందు రాతి మూల మీద ఒక చుక్క వేసి చూడండి. పొరలు ఉబ్బి లేస్తే నీటి జోలికి పోవద్దు. మిగిలిన మట్టిని భూతద్దం కింద సన్నని సూదితో తీయాలి. సూదిని దాదాపు పడుకోబెట్టి, పెంకు మీద గీసుకోకుండా, రేణువులను బయటికి తోయాలి. ఖండాల మధ్య సందుల్లో తొందరపడితే అంచులు చిట్లుతాయి.

వెనిగర్, నిమ్మరసం, టాయిలెట్ క్లీనర్ అసలే వద్దు. నురగ చూసి మురికి పోతోందనుకుంటారు, నిజానికి కరిగేది కాల్సైట్, అంటే మీ ట్రైలోబైటే.

6. విరిగిన ముక్కలను పొడిగా తుడిచి, ముందు జిగురు లేకుండా అమర్చి చూసుకుని, తర్వాత ఒక్క చుక్క సూపర్ గ్లూతో అతికించండి. వార్నిష్ పూయకండి. ఆ మెరుపులో ఖండాల గీతలు మరుగున పడతాయి.

7. దొరికిన చోటు, రాతిపొర పేరు, తేదీ రాసి పెట్టండి. అవి లేని శిలాజం పరిశోధనకు పెద్దగా పనికిరాదు. ఫొటోకు దీపాన్ని పైన ఎడమవైపు నుంచి వెలుగు ఏటవాలుగా పడేలా పెడితే గీతల నీడలు తేలి, ఖండాలు లెక్కపెట్టడం తేలికవుతుంది.