భూగర్భశాస్త్రం సొంతంగా నేర్చుకుందాం – 3వ భాగం: ఒక్క ఎర్ర రవ్వ, దాని వెంట ఎన్ని శాఖలో

కిందటి భాగంలో గోరు, రాగి నాణెం, చాకు పెట్టి ఖనిజం గట్టిదనం చూడ్డం నేర్చుకున్నాం కదా, ఈసారి శాఖల సంగతి. ఏ గైడ్ తీసినా మినరాలజీ, పెట్రాలజీ, స్ట్రాటిగ్రఫీ అని వరసగా రాసి ఒక్కోదానికీ ఒక డెఫినిషన్ ఇచ్చేస్తారు, పరీక్షకి అది చాలు గానీ కొండ దగ్గర నిలబడితే ఒక్కటీ గుర్తురాదు. నేను చెప్పేదేటంటే, శాఖ అంటే ఒక ప్రశ్న. ఒక ప్రశ్న ఎక్కడ ఆగిపోతుందో అక్కడ ఇంకో శాఖ అందుకుంటుంది. ఇది పట్టుబడాలంటే ఒకే వస్తువు వెంట పోవాలి, శ్రీకాకుళం, విజయనగరం వైపు మనకి ఆ వస్తువు కొండ నుంచి సముద్రం దాకా దొరుకుతుంది, గార్నెట్ అనే ముదురెరుపు ఖనిజం.

రోడ్డు కోసం కొండ కోసిన చోట ఒక ముక్క తీసుకోండి (క్వారీ లోపలికి వెళ్ళొద్దు, కోసిన గట్టు కింద నిలబడొద్దు). తుప్పు రంగు రాయిలో తెల్ల చారలు, మధ్యమధ్య ముదురెరుపు చుక్కలు ఉంటే ఆ చుక్కలే గార్నెట్. చాకుతో గీస్తే గీత పడదు, గట్టిదనం దాదాపు పలుగురాయంత. ఇంతవరకు మినరాలజీ.

ఇప్పుడు దాని పక్కన ఏమున్నాయో చూడండి. పలుగురాయి, ఫెల్‌స్పార్, సన్న పోగుల్లా సిల్లిమనైట్, ఒక్కోచోట వేలికి నల్లగా అంటుకునే గ్రాఫైట్, ఈ జట్టంతా కనబడితే అది ఖోండలైట్, ఖోండు గిరిజనుల పేరు మీద 1902లో వాకర్ అనే భూగర్భశాస్త్రవేత్త పెట్టిన పేరు. సిల్లిమనైట్ నిండా అల్యూమినియం, అంత అల్యూమినియం ఉండేది బంకమట్టిలో, అంటే ఈ కొండ ఒకప్పుడు నీళ్ళ అడుగున పేరుకున్న మట్టి, తర్వాత కిలోమీటర్ల కొద్దీ లోతుకి దిగి 800 డిగ్రీలు దాటిన వేడిలో కరిగీ కరగకుండా రూపు మారిపోయింది. చేతిలో రాయి పెట్టుకుని ఇంత కథ చదవగలగడమే పెట్రాలజీ, నాకు అన్నిటికంటే ఇష్టమైన శాఖ ఇదే.

ఎప్పుడు మారింది అంటే పెట్రాలజీ దగ్గర జవాబు లేదు. అదే రాళ్ళలో జిర్కాన్ అని సన్న రవ్వలుంటాయి, వాటిలో యురేనియం మెల్లగా సీసంగా మారుతుంది, ఎంత మారిందో కొలిచి వయసు కడతారు, అది జియోక్రోనాలజీ. మన తూర్పు కనుమలకి సుమారు 100 కోట్ల ఏళ్ళ నాటి పెద్ద ఘట్టం ఒకటి అలా బయటపడింది. శిలాజాలు చూసే పేలియోంటాలజీకి ఈ కొండల్లో పని తక్కువ, అంత వేడిలో ఏ గుల్లా మిగలదు, దానికి రాజమండ్రి దగ్గర కాతేరు వైపు పోవాలి.

రాయిలో చారలు ఏ దిక్కుకి పోతున్నాయో ఫోన్‌లో కంపాస్ పెట్టి చూడండి, ఎక్కువ చోట్ల ఈశాన్యం నుంచి నైరుతికి ఉంటాయి. ఆ దిక్కు స్ట్రైక్, చారలు లోపలికి వాలిన కోణం డిప్, ఈ రెండూ నోట్‌బుక్‌లో రాసుకోవడం స్ట్రక్చరల్ జియాలజీలో మొదటి పని. చారలు రోడ్డు వైపుకే వాలి ఉంటే వానల్లో పలకలు జారే ప్రమాదం ఎక్కువ, అక్కడ ఇంజనీరింగ్ జియాలజీ వాళ్ళు రావాలి.

ఇక కొండ అరిగిపోతుంది. ఫెల్‌స్పార్ మట్టైపోతుంది, గార్నెట్ మాత్రం అంత త్వరగా లొంగదు, గెడ్డలో పడి, నాగావళిలోనో వంశధారలోనో కొట్టుకుపోయి తీరం చేరుతుంది. కళింగపట్నం, భావనపాడు ఒడ్డున ఇసుకలో నల్లగా ఎర్రగా పొరలు చూసే ఉంటారు. పలుగు ఇసుక నీటి కంటే 2.65 రెట్లు బరువు, గార్నెట్ సుమారు 4, ఇల్మనైట్ (ఇనుము, టైటానియం ఉన్న నల్ల ఖనిజం) 4.7 దాకా, అల వెనక్కి పోతూ తేలికది లాక్కుపోయి బరువుది వదిలేస్తుంది, చేటలో చెరిగినట్టే. ఇది సెడిమెంటాలజీ. ఆ నల్ల పొరకి ధర ఎందుకొచ్చిందీ అంటే అది ఎకనామిక్ జియాలజీ.

ఎకనామిక్ అనగానే విజయనగరం వైపు మాంగనీస్ చెప్పకుండా ఉండలేను. దేశంలో మాంగనీస్ తవ్వకం మొదలైంది ఇటే, 1890ల మొదట్లో. గర్భాం, కోడూరు గనుల్ని చూసిన భూగర్భశాస్త్రవేత్త ఫెర్మోర్ అక్కడి రాయికి కోడూరైట్ అని పేరు పెట్టాడు, అందులోనూ గార్నెట్ ఉంది, కాకపోతే మాంగనీస్ గార్నెట్. అది కరిగిన శిలాద్రవం నుంచి పుట్టిందని ఆయన అన్నాడు, తర్వాతి వాళ్ళు చాలామంది పాత అవక్షేపాలే (నీళ్ళ అడుగున పొరలుగా పేరుకున్నవి) రూపు మారాయన్నారు. ఇది ఊరికే పండితుల గొడవ కాదు, అవక్షేపమైతే ఖనిజం పొర వెంట పోతుంది, శిలాద్రవమైతే అది చొరబడిన దారి వెంట పోతుంది, ఎక్కడ తవ్వాలో ఆ జవాబు మీదే ఉంటుంది.

ఈ వారం పని: తీరానికి వెళ్తే నల్ల పొర నుంచి చిటికెడు ఇసుక తెల్ల కాగితం మీద పరవండి, అయస్కాంతానికి ప్లాస్టిక్ కవర్ చుట్టి పైన తిప్పండి. ఎగిరి అంటుకునేవి మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం, కదలకుండా మిగిలిన నల్లవి ఎక్కువగా ఇల్మనైట్, ఎర్రవి గార్నెట్. చూశాక అక్కడే వదిలేయండి, ఆ ఇసుకలో రేడియోధార్మిక థోరియం ఉన్న మోనజైట్ అనే ఖనిజం కూడా ఉంటుంది, సంచుల్లో తెచ్చుకోకూడదు. తీరం దూరమైన వాళ్ళు దగ్గర గెడ్డ మలుపులో, లోపలి ఒడ్డున వెతకండి. వచ్చే భాగం హైడ్రోజియాలజీ, అంటే భూమి లోపలి నీళ్ళ సంగతి, దానికోసం మీ ఊరి నూతిలో నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయో తాడుతో కొలిచి, తేదీ వేసి రాసి ఉంచండి.