స్టీరింగ్ హార్డ్ అయిందా? కాలమ్ విప్పించే ముందు ఇవి చూడండి

విజయవాడ ఆటోనగర్‌లో నాది ఆటో ఎలక్ట్రికల్ షాపు. "స్టీరింగ్ హార్డ్ అయింది, కాలమ్ మొత్తం మార్చాలంటున్నారండీ" అంటూ చిన్న కార్లవాళ్లు వస్తూనే ఉంటారు. నేను ముందు మల్టీమీటర్ అందుకుంటాను. పానాలు తర్వాత. ఈ కార్లలో ఉండేది ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్, అంటే చక్రం తిప్పడానికి కరెంటు మోటారు సాయం చేస్తుంది. మల్టీమీటరే ముందు ఎందుకో చెప్పాలంటే లోపల జరిగేది చెప్పాలి.

చక్రం నుంచి కిందికి దిగే స్టీరింగ్ కాలమ్ మధ్యలో టార్షన్ బార్ అనే సన్నని ఉక్కు కడ్డీ ఉంటుంది. మీరు చక్రం తిప్పబోతే టైర్లు రోడ్డు పట్టుకుని మొరాయిస్తాయి, ఆ పెనుగులాటలో కడ్డీ కాస్త మెలి తిరుగుతుంది. ఎంత తిరిగిందో టార్క్ సెన్సార్ కొలిచి ఈసీయూకి, అంటే స్టీరింగ్‌ని నడిపే చిన్న కంప్యూటర్‌కి, చెబుతుంది. ఈసీయూ దానికి బండి వేగాన్ని కూడా కలిపి చూసుకుని మోటారుకి కరెంటు వదులుతుంది: పార్కింగ్‌లో ఎక్కువ, హైవే మీద తక్కువ. మోటారు వార్మ్ గేర్‌తో (మర మేకులాంటి గేరు) కాలమ్‌ని తోస్తుంది. మెలి విడిపోతే సాయమూ ఆగిపోతుంది. 1988లో జపాన్‌లో సుజుకి సెర్వో కారుకి ఇలాంటి కాలమ్ మోటారే పెట్టారు. ఇందులో ఆయిల్ ఉండదు. ఎవరైనా ఆయిల్ టాపప్ చేస్తామంటే బానెట్ మూసుకుని వచ్చేయండి.

ముందు మీటర్ బోర్డు చూడండి. స్టీరింగ్ లైటు వెలగకుండా చక్రం బరువుగా ఉంటే టైర్ల గాలి చెక్ చేయించండి. ఎంత ఉండాలో డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. గాలి సరిగా ఉంటే అలైన్‌మెంటు, ఆ తర్వాత కాలమ్ కింద జాయింట్లు. గతుకుల్లో టకటక శబ్దం వస్తున్నా అనుమానం ఆ జాయింట్ల మీదే.

లైటు వెలిగితే నా దారిలోకి వచ్చినట్టే. రాత్రంతా ఆపి ఉంచిన బండికి బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు రావాలి. 12.2 అంటే సగం ఖాళీ. ఇంజిన్ నడుస్తుంటే మామూలుగా 13.8 నుంచి 14.5 మధ్య ఉంటుంది. అసలు పరీక్ష ఇప్పుడు: సీట్లో ఒకరిని కూర్చోబెట్టి, నిలబడి ఉన్న బండి చక్రాన్ని అటూ ఇటూ తిప్పమనండి. మోటారు ఎక్కువ కరెంటు లాగేది అప్పుడే. మీటర్లో అంకె 12 కిందికి జారి అక్కడే ఉండిపోతే బ్యాటరీనో, దాన్ని ఛార్జ్ చేసే ఆల్టర్నేటరో చూసుకోవాలి.

అంకె బాగానే ఉంటే తర్వాత చూడాల్సింది ఎర్త్, అంటే కరెంటు తిరిగి బ్యాటరీ నెగెటివ్‌కి చేరే దారి. మీటర్ ఒక కొస బ్యాటరీ నెగెటివ్ మీద, రెండోది స్టీరింగ్ ఎర్త్ వైరు బిగించిన చోట పెట్టి మళ్లీ తిప్పించండి. 0.2 వోల్టులు దాటితే ఆ దారిలో చిలుమో, వదులు బోల్టో ఉన్నట్టు. బందరు వైపు బండ్లు వస్తే నేను ముందు ఇదే చూస్తాను, సముద్రపు గాలి వైర్ల కొసల్ని తినేస్తుంది. ఉప్పు కాగితంతో గీకి బిగించాక మామూలైపోయినవి చాలా ఉన్నాయి. బానెట్ కింద పెట్టెలో స్టీరింగ్‌కి వేరే పెద్ద ఫ్యూజు ఉంటుంది, అదీ చూడండి.

కారు కంప్యూటర్‌లోని లోపాలు చదివే స్కానర్ పెడితే, అది చూపే లోపం కోడ్ చెరిపేయక ముందే రాసుకోండి. చౌక బ్లూటూత్ స్కానర్లలో చాలావరకు ఇంజిన్ కోడ్లే చదువుతాయి, స్టీరింగ్‌వి చూపవు. వోల్టేజీ తక్కువ అన్న కోడ్ వస్తే మోటారుకి ఉరిశిక్ష వేయొద్దు.

వన్‌టౌన్ సందుల్లో బండి తిప్పడానికి ఫుల్ లాక్‌లో పదే పదే పట్టి ఉంచితే మోటారు వేడెక్కి ఈసీయూ సాయం తగ్గించేస్తుంది. అది జబ్బు కాదు. కాసేపు బండి ఆపి ఉంచితే మళ్లీ తేలికవుతుంది.

నడుస్తుండగా సాయం పోతే టెన్షన్ పడకండి. చక్రానికీ టైర్లకీ ఇనుప సంబంధం అలాగే ఉంటుంది, బరువుగా అయినా తిరుగుతుంది. రెండు చేతులతో పట్టి నెమ్మదిగా ఎడమ పక్కకి తీయండి. బండి ఆగేదాకా తాళంచెవి మాత్రం బయటికి తీయొద్దు.

కాలమ్ మాత్రం ఇంట్లో విప్పకండి, అక్కడ ఎయిర్‌బ్యాగ్ వైర్లు ఉంటాయి. మార్చక తప్పదని తేలితే సెన్సార్ జీరో క్యాలిబ్రేషన్ (చక్రం తిన్నగా ఉన్నప్పుడు సెన్సార్ సున్నా చూపేలా సరిచేయడం) చేశారా అని అడగండి. తిన్నని రోడ్డు మీద చక్రం వదులుగా పట్టుకుని చూడండి. బండి ఒక పక్కకి లాగుతుంటే డబ్బులు ఇవ్వకముందే బండిని షాపుకి వెనక్కి తిప్పండి.